మునగని ఇంటి ముందు రాయి

నేను ఒక రాయిని. ముందే చెబుతున్నాను, దేవుణ్ణి కాను. నాకు పసుపు పూసినవాళ్ళున్నారు, కొబ్బరికాయ కొట్టినవాళ్ళున్నారు, ఇప్పుడు అద్దాల పెట్టెలో పెట్టి ఫొటోలు దిగేవాళ్ళూ ఉన్నారు. నువ్వెవరని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మొదటిరోజే చెప్పేదాన్ని. నేను కొండను పగలగొడితే వచ్చిన ముక్కను. నా మీది ఎర్ర గీత ఎవరో ఆఫీసులో కూర్చుని లెక్కలు వేసి గీయించింది. దాన్ని నమ్ముకుంటే కొంప మునుగుతుందని నాకు తెలుసు. మునగకపోవడం అంతకన్నా పెద్ద అన్యాయమని అప్పటికి నాకూ తెలియదు.

నన్ను కొండ నుంచి విడదీసినవాడు వడ్డె ఈరన్న. సుత్తితో నా ఒంటిమీద కొట్టి, చెవి పెట్టి విని, గుడి మెట్టుకు పనికొచ్చే రాయి అని భార్యతో మురిసిపోయాడు పాపం. మర్నాడు కాంట్రాక్టరు లారీ వచ్చింది. పెద్ద నదికి అడ్డంగా ఆనకట్ట కడుతున్నారు, కరెంటు తీస్తారు అన్నారు. నా తోడబుట్టిన రాళ్ళన్నీ ఆ గోడలోకి పోయాయి. పండగ రోజుల్లో వాటి మీద రంగురంగుల దీపాలు వేస్తారు. నాకా యోగం లేదు. నన్ను నిలువుగా చెక్కి, నడుముకు ఎర్రరంగు గీత పూసి, ముంపు హద్దు రాయిని చేశారు.

ముంపు హద్దు అంటే ఏమిటో చెబుతాను. నదిని కట్టేస్తే నీళ్ళు వెనక్కి తన్ని ఊళ్ళ మీదికి వస్తాయి. ఎక్కడిదాకా వస్తాయో లెక్కగట్టి అక్కడ వరసగా రాళ్ళు పాతుతారు. రాయికి దిగువన ఉన్న ఇల్లు మునిగినట్టు. ఆ ఇంటివాళ్ళకు నష్టపరిహారం, కొత్త కాలనీలో ఇల్లు, ఇంటికి కరెంటు. రాయికి ఎగువన ఉన్న ఇల్లు మునగనట్టు. ఆ ఇంటివాళ్ళకు ఏమీ లేదు. పక్కింటివాళ్ళు బండి కట్టుకుని పోతుంటే చూస్తూ నిలబడాల్సిందే.

తుమ్మలగడ్డ అనే ఊరి చివర, గుట్ట వాలులో, ఈదమ్మ ఇంటి వాకిలి ముందు నన్ను పాతారు. ఇల్లు నాకు ఎగువన పడింది. ఈదమ్మ, ఆమె భర్త కుర్మయ్య, ఒక కూతురు. పటేలు పొలం కౌలుకు చేసుకునేవాళ్ళు. ఆ పొలం మునుగుతుందని అందరికీ తెలుసు, దాని డబ్బు పటేలుకే పోతుందనీ తెలుసు. ఈదమ్మకు మిగిలింది ఆ మట్టి ఇల్లొక్కటే.

రాయి కనబడితే పసుపు పూయందే మనుషులకు చెయ్యి ఊరుకోదు. అందులో నా మీద ఎర్ర గీత కూడా ఉంది, ఇంకేం కావాలి. మొదటి శుక్రవారమే ఈదమ్మ నన్ను కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి చేతులు జోడించింది. నీళ్ళకు హద్దు వేసిన తల్లివి, మా ఇల్లు ముంచకు అని మొక్కింది. నవ్వొచ్చింది నాకు. ఇంత పిచ్చి మొక్కు నేనెక్కడా వినలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ మొక్కు ఫలించింది.

కొన్నాళ్ళకు పరిహారం సంగతి ఊరంతా పాకింది. పటేలు జంగారెడ్డి ఇల్లు ఊళ్ళో అందరికంటే ఎత్తున ఉండేది. నీళ్ళు ఆ గడప ఎక్కాలంటే ప్రళయం రావాలి. కానీ పటేలు తెలివైనవాడు. తన ఇంటి దిగువన ఉన్న హద్దురాళ్ళను పట్టపగలే పెరికించి, ఎడ్లబండి మీద ఎక్కించి, ఇంటికి ఎగువన పాతించాడు. సర్వేవాళ్ళు ఆ రోజు అక్కడే కోడికూర తిన్నారు. దాంతో ముంపు హద్దు తిన్నగా వచ్చి, ఈదమ్మ ఇంటి దగ్గర పక్కకు తప్పుకుని, గుట్టెక్కి, పటేలు ఇంటిని చుట్టుకుని కిందికి దిగింది. మా నీళ్ళు గుట్ట ఎక్కగలవు, బీదవాళ్ళ వాకిలి మాత్రం ఎక్కలేవట.

అది చూసి కుర్మయ్యకు ధైర్యం వచ్చింది. ఒక మధ్యాహ్నం గడ్డపార తెచ్చి నా మొదట్లో గుచ్చాడు. నాలుగు బారలు పైకి జరిపితే చాలు, ఇల్లు ముంపులో పడుతుంది. నాకు సంతోషమే వేసింది. పుట్టాక ఒక మంచిపనికి పనికొస్తున్నాననుకున్నాను. ఇంతలో ఈదమ్మ బిందె పక్కన పడేసి పరుగెత్తుకొచ్చి నన్ను రెండు చేతులా పట్టుకుంది.

"పసుపు పెట్టిన రాయి. హద్దురాయి జరిపినోని ఇంట్ల దీపం పెట్టే దిక్కుండదని మా అవ్వ చెప్పేది. మనకొద్దు."

"పటేలు జరపలే?"

"ఆయన పాపం ఆయనది. నువ్వు గడ్డపార ఇంట్ల పెట్టు."

కుర్మయ్య నేలలోంచి గడ్డపార పెరికాడు. తీసుకెళ్ళి దూలం కింద పెట్టాడు. ఓరి వెర్రివాడా, భార్య మాట ఎందుకు విన్నావురా అని నేను అరిచాను. రాయి అరిస్తే ఎవరికి వినబడుతుంది?

నీళ్ళు వచ్చాయి. పొలం పోయింది, బావి పోయింది, బడి పోయింది, ఊళ్ళోకి వచ్చే బండిబాట పోయింది. ఊరు ఊరంతా కాలనీకి తరలింది. నీళ్ళు నా పాదాల దాకా వచ్చి, చెప్పిన మాట విన్నట్టు ఆగాయి. మూడు దిక్కులా నీళ్ళు, వెనక అడవి, మధ్యలో ఈదమ్మ ఇల్లు. ఆమె ఆఫీసుకు పోయి మాకూ కాలనీలో ఇల్లియ్యమని అడిగిందట. మీ ఇల్లు మునగలేదు కదమ్మా, అదృష్టవంతులు, అని చెప్పి పంపారట. ఆ మాట ఆమె ఇంటికొచ్చి మొగుడికి చెబుతుంటే విన్నాను. నది కట్టినవాళ్ళ చదువంతా ఆ ఒక్క మాటలో కనిపించింది నాకు.

కుర్మయ్య పుట్టి పడవ కొనుక్కుని, ఒకప్పుడు తాను దున్నిన పొలం మీద చేపలు పట్టుకున్నాడు. కూతురు బడి మానేసింది. కొన్నేళ్ళకు ఇంటి మీదుగానే పెద్ద పెద్ద టవర్లు వేసి తీగలు లాగారు. ఆనకట్ట కరెంటు పట్నానికి ఆ తీగల్లోంచే పోయేది. వానపడితే జుమ్మని మోత. ఆ మోత కింద ఈదమ్మ చిమ్నీదీపం పెట్టుకునేది. కుర్మయ్య టవరు పనివాళ్ళను ఒక్క బల్బుకు కరెంటు ఇమ్మని అడిగితే, అది పెద్ద లైను, ఇళ్ళకు ఇచ్చేది కాదు అన్నారు. నిజమే, పెద్దవాళ్ళది.

ఒక వానాకాలం నది విరుచుకుపడింది. ఆనకట్టలో నీళ్ళు ఎంత నిలిపితే అంత కరెంటు. గేట్లు ఆలస్యంగా ఎత్తారు. నీళ్ళు నా నడుము గీత దాటాయి, నా తల దాటాయి, ఈదమ్మ గడప దాటి లోపలికి పోయాయి. నా గీత అబద్ధమని ఆ రోజు లోకానికంతా తెలియాలి. నీళ్ళతోపాటు పాములు ఇంటి కప్పులోకి ఎక్కాయి. పొద్దుగూకే వేళ కుర్మయ్య చూరులో దీపం కోసం తడుముతుంటే పాము కరిచింది. ఈదమ్మ ఒక్కతే పుట్టిలో ఎక్కించుకుని తెడ్డు వేసింది. అవతలి ఒడ్డున ఆసుపత్రి ఉంది. మా నది కరెంటుతో వెలుగుతూ ఇక్కడికి కనబడుతూనే ఉంటుంది. అక్కడికి చేరేసరికి కుర్మయ్య లేడు.

నీళ్ళు తీశాక లాంచీలో ఒక ఉద్యోగి వచ్చాడు. ఇల్లు మునిగింది, మనిషి పోయాడు, ఇప్పుడైనా ముంపు అని రాయమని ఈదమ్మ అడిగింది. ఇది వరద, ముంపు కాదు, రెండూ వేరు అన్నాడాయన. నీళ్ళకు ఆ తేడా తెలియదు. పాముకు అసలే తెలియదు. ఆయనకు ఎంత బాగా తెలుసో!

ఆ లాంచీ నడిపే సుదర్శనం మంచివాడు. వాళ్ళ అమ్మ ఉండేది ఆనకట్ట దిగువ పట్నంలో. వెనకటి రోజుల్లో అలాంటి వరదొస్తే ఆ పట్నం సగం కొట్టుకుపోయేదట. ఈసారి ఆనకట్ట ఆపబట్టి వీధుల్లోకి చుక్క రాలేదని, అక్కడి మాగాణికి రెండు పంటలకు నీళ్ళందుతున్నాయని ఈదమ్మతో చెప్పాడు. ఓదార్చాలనే చెప్పాడు. నేను అబద్ధమాడను. ఆనకట్ట మేలు చేయలేదని అనను. బొగ్గు కాల్చకుండా, పొగ రాకుండా, పడే నీళ్ళలోంచి వెలుతురు తీయడం చిన్న పని కాదు. ఈదమ్మ కూడా కాదనలేదు.

"మంచిదే గద బిడ్డా, పదిమంది బతికిన్రు. గా ఊరోళ్ళల్ల ఒక్కరికన్న మా ఇల్లు ఎరికనా?"

సుదర్శనం లాంచీ స్టార్టు చేసుకున్నాడు.

కూతురు కాలనీవాళ్ళింటి కోడలైంది. తన దగ్గరికి రమ్మని ఎన్నోసార్లు పిలిచింది. ఈదమ్మ పోలేదు. తానుగా పోతే తానే వదులుకుని పోయిందంటారని ఆమె భయం. పోగొట్టినవాళ్ళు పోగొట్టామని ఒప్పుకోవాలి, ఆమెకు కావలసింది అదొక్కటే. నాకు మాత్రం ఆ శుక్రవారాల పసుపు మానలేదు. నా మొహాన ఉమ్మేసి ఉంటే బాగుండేది.

ఆ మధ్య ఆనకట్టకు యాభై ఏళ్ళు నిండాయి. పండగ చేశారు, మ్యూజియం కట్టారు. అందులో పెట్టడానికి పాతకాలపు హద్దురాయి ఒకటి కావాలన్నారు. వెతికితే సగం నీళ్ళల్లో ఉన్నాయి, సగం ఎవరెవరి ఇళ్ళకో మెట్లయ్యాయి. పాతినచోటే కదలకుండా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. నిజాయితీకి బహుమానం చూశారా! ఒక ఇంజనీరు, ఇద్దరు కూలీలు లాంచీలో దిగారు. కూలీలు ఇనుప బ్రష్షుతో నా పసుపంతా గీకేశారు. తర్వాత చూసుకుంటే గడ్డపార తేవడం మరిచిపోయారు.

ఈదమ్మ వాకిట్లో కూర్చుని అంతా చూస్తోంది. జుట్టు తెల్లబడింది, నడుము వంగింది. మెల్లగా లేచి లోపలికి పోయి, దూలం కింది నుంచి కుర్మయ్య గడ్డపార తెచ్చి వాళ్ళ ముందు పడేసింది. తుప్పు పట్టి ఉంది. నా మొదట్లో ఒక్కసారి గుచ్చిన గడ్డపార అది.

"తీయున్రి. నేనే వద్దన్న ఆ పొద్దు. సారూ, ఒక్క మాట చెప్పి తీయున్రి. గీ రాయి తీస్కపోతున్రు గద, ఇప్పుడు మా ఇల్లు మునిగినట్టా, మునగనట్టా?"

ఇంజనీరు గారు కెమెరా తీశారు. పెద్దమ్మా, రాయి పక్కన నిలబడండి, ఒక ఫొటో తీసుకుంటాం అన్నారు. ఆమె నిలబడలేదు. నన్ను నాలుగు బారలు జరపడానికి ఆనాడు ధర్మం అడ్డొచ్చింది. యాభై మైళ్ళు జరపడానికి వీళ్ళకు ఏమీ అడ్డురాలేదు.

ఇప్పుడు నేను అద్దాల పెట్టెలో ఉన్నాను. కింద ముంపు హద్దు రాయి అని ఇత్తడి ఫలకం. బడిపిల్లలు వస్తారు. జలవిద్యుత్తు లాభాలు, నష్టాలు రాసుకోమంటారు టీచరు. లాభాలు పేజీ నిండుతాయి. నష్టాలు అన్నచోట, కొన్ని గ్రామాలు మునుగును అని ఒక వరుస రాసి పిల్లలు క్యాంటీనుకు పరుగెత్తుతారు. మునగని ఇల్లు ఏ వరుసలోనూ లేదు. అది నష్టమని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. పిల్లలను నేను ఏమీ అనను. నా కోపమంతా పెద్దవాళ్ళ మీదే.

సాయంత్రం తలుపులు వేసి అందరూ పోతారు. నా నెత్తిమీది లైటు మాత్రం ఆర్పరు. హద్దురాయి జరిపినవాళ్ళ ఇంట్లో దీపం ఉండదంది ఈదమ్మ. ఆ మాట నమ్మి ఆమె మొగుణ్ణి పోగొట్టుకుంది, ఇంకా ఆ చిమ్నీ ముందే కూర్చుని ఉంది. నేనిప్పుడు నన్ను జరిపినవాళ్ళ ఇంట్లోనే ఉన్నాను. ఇక్కడ కరెంటు ఒక్క నిమిషం కూడా పోదు.