గజ్జెల బంతి

నా కూతురు సోనీకి పుట్టుకతోనే చూపు లేదు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

సూర్యాపేటలో ఆటో నడుపుతాను. హైవే మీద లారీల మధ్య బతికేవాడికి ఏ ఆపద ఎటునుంచి వస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. మెట్టు, బావి, కుక్క, కరెంటు తీగ, పొయ్యి మీద కాగే చారు, ఏది చూసినా అది నా పిల్ల కోసమే కాచుకుని కూర్చున్నట్టు ఉండేది. "నువ్వు గిట్ల భయపడుకుంట పోతే పిల్ల మంచంలనే ముసలిదైతది" అని నా భార్య జమ్లీ తిట్టేది. అయితే అవనీ, బతికి ఉంటుంది కదా, అనేవాణ్ణి.

అలాంటి మా ఇంటికి హాకీ వచ్చింది.

తెచ్చింది రజిత మేడం. కోదాడలో ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతుంది. ఆదివారాలు బస్సెక్కి సూర్యాపేట వచ్చి, వడ్ల సీజన్ లేనప్పుడు మార్కెట్ యార్డులో ఖాళీగా పడి ఉండే షెడ్డులో చూపులేని వాళ్లకు హాకీ నేర్పడం మొదలుపెట్టింది. చూపున్నవాళ్లే పళ్లు రాలగొట్టుకునే ఆట అది. మొదటి రోజే ఆవిడ మొహం మీద చెప్పేశాను.

"మేడం, మీకు పుణ్యముంటది, మా పిల్లను ఇడిసిపెట్టుండ్రి. దెబ్బ తాకితె ఎవరు సూస్తరు?"

"మీరు చూస్తారుగా తులసీరాం గారూ," అంది ఆవిడ నవ్వుతూ. "వచ్చి అంచున నిలబడండి."

అంచున నిలబడటమంటే అక్కడ ఒక పని. ఆ షెడ్డు గచ్చు లారీ ఎత్తున ఉంటుంది, పక్కకు అడుగేస్తే కింద పడతారు. అందుకని చూపున్నవాళ్లు కొందరు అంచు పొడుగునా నిలబడేవాళ్లు. ఆడేవాళ్లు దగ్గరికొస్తే "అంచు, అంచు" అనాలి. అది విని వాళ్లు ఆగుతారు, వెనక్కి తిరుగుతారు. ఇంకెవరూ నోరెత్తకూడదు. బంతిని చెవులతో పట్టుకోవాలి కాబట్టి చూసేవాళ్లు చప్పట్లు కొట్టినా ఆట చెడిపోతుంది.

నేను ప్రతి ఆదివారం వెళ్లాను కానీ ఆ పని ఒప్పుకోలేదు. సోనీ అంచు వైపు వస్తుంటే నాకు గొంతు పూడుకుపోయేది. మాట రానివాణ్ణి కాపలా పెడితే పంట మేకల పాలే కదా. సోనీ చెప్పులు చేతిలో పట్టుకుని, పళ్లు బిగించి, ఓ మూల నిలబడేవాణ్ణి.

మొదట్లో బంతిలో గులకరాళ్లు వేశారు. గట్టిగా కొడితేనే మోగేది. మెల్లగా దొర్లితే ఎక్కడుందో తెలియక పిల్లలు తలలు ఢీకొట్టుకునేవాళ్లు. ఇదే మంచి అదను అనుకుని నేను, "ఇగ సాలు, ఇంటికి పోదాం పా" అన్నాను. సోనీ నా మాట వినకుండా మేడంతో అంది:

"మేడం, మా దాది గజ్జెలు ఏద్దామా?"

దాది అంటే మా అమ్మ ద్వాళి. నడిగూడెం దగ్గర తండాలో ఉంటుంది. మా లంబాడీల్లో పాతకాలం ఆడవాళ్ల బట్టలు అద్దాలూ గజ్జెలూ కుట్టి ఉంటాయి. వాళ్లు నడిచొస్తుంటే కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. సోనీ చిన్నప్పుడు ఆ చప్పుడు పట్టుకునే తండా అంతా తిరిగింది. మనవరాలు అడిగిందని మా అమ్మ పాత లంగా అంచు గజ్జెలు కోసిచ్చింది. చెంపల పక్కన వేలాడే గజ్జెలు మాత్రం ముట్టనివ్వలేదు. అవి పెళ్లయిన ఆడదాని గుర్తు. మా నాయన కిష్ట్యా ఉన్నంతకాలం అవి తీయకూడదు.

ప్లాస్టిక్ బంతిని కోసి, ఆ గజ్జెలు లోపల వేసి అతికించారు. ఇప్పుడు బంతి కదిలితే చాలు, గలగలమనేది. ఆ రోజు సోనీ కర్ర నేలకు ఆనించి, తల కొంచెం పక్కకు వంచి, ఆ చప్పుడు వెంట పరుగు తీసింది. పదిహేడేళ్ల నా కూతురు పరుగెత్తడం నేను చూడటం అదే మొదటిసారి. సంతోషించాలి కదా. నేను మాత్రం అంచు ఎన్ని అడుగుల దూరంలో ఉందో లెక్కపెట్టాను.

తర్వాత మిర్యాలగూడలో పోటీ పెట్టారు. అక్కడ జట్టును నడిపేది రామలింగయ్య అనే పెద్దమనిషి. రైస్ మిల్లులో కాటా వేస్తాడు. ఆయన బిడ్డ సంతోషికీ చూపు లేదు. మిగతా పిల్లలు మేడంతో బస్సులో వెళ్లారు. నేను సోనీనీ అమ్మనూ ఆటోలో ఎక్కించుకుని పోయాను. మనవరాలి ఆట అంటే అమ్మకు పెళ్లి కిందే లెక్క. శుభకార్యానికి పోయేటప్పుడు ఒంటి మీద అన్నీ ఉండాలని అద్దాల రవిక, మోచేతుల పైదాకా తెల్లగాజులు, చెంపల గజ్జెలు, అన్నీ పెట్టుకుని బయల్దేరింది.

మైదానం ఊరి చివర ఉంది. దాని ఎదుట రోడ్డవతల ఆటో ఆపుతూనే నా కళ్లు గోడ మీదికి పోయాయి. మైదానం చుట్టూ గోడ ఉంది కానీ ఇటువైపు ఒకచోట కూలి గండి పడింది. గండి దాటితే నాలుగడుగుల్లో రోడ్డు. మిల్లులకు పోయే వడ్ల లారీలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి వస్తున్నాయి.

"అన్నా, గీ గండికి తాడన్న కట్టుండ్రి," అన్నాను రామలింగయ్యతో.

"తాడు కడితె ఉరికొచ్చే పిల్లలకు మెడకు తాకుతది తమ్మీ. గీడ నేనే నిలబడత. నా బిడ్డ గూడ ఆడుతంది కద, నాకు లేదా భయం?"

సోనీ దగ్గరికి పోయి, "ఇంటికి పోదామా బిడ్డా?" అన్నాను.

"బాపూ, నువ్వు ఇంటి గడప కాడ గూడ గిదే అడుగుతవ్," అని నవ్వి తన కర్ర వెతుక్కుంది.

రోడ్డుకు భయపడ్డాను. గండికి భయపడ్డాను. ఎండకు, కర్రలకు, ఎదుటి జట్టులో ఉన్న పొడుగాటి మనిషికి కూడా భయపడ్డాను. ఆట మొదలయ్యే ముందు మేడం అందరినీ నిశ్శబ్దంగా ఉండమంటే అమ్మ గండి పక్కనే గోడనీడలో బొమ్మలా కదలకుండా కూర్చుంది. మేడం ముచ్చటపడి ఆమెతో ఫోటో కూడా దిగింది. ఆమె ఒంటి మీద ఏమున్నాయో అందరం చూశాం. బంతిలో మోగేవీ అలాంటి గజ్జెలేనని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆట మొదలైంది. అంతమంది ఉన్నా ఎవరి ఊపిరి వాళ్లకు వినిపించేంత నిశ్శబ్దం. మధ్యలో బంతి గజ్జెలు, కర్రల టకటకలు, దూరంగా లారీల రొద. సోనీ బాగా ఆడుతోందని పక్కాయన గుసగుసగా అన్నాడు. నాకు బంతి కనిపించలేదు. నేను చూస్తున్నది నా పిల్ల మోకాళ్లూ నుదురూ మాత్రమే.

అప్పుడు సంతోషి కాలికి ఎవరిదో కర్ర తగిలింది. ఆ పిల్ల కెవ్వున అరిచి బంతి మీదే బోర్లా పడింది. మేడం విజిల్ వేసింది. అదే క్షణాన రోడ్డు మీద లారీ హారన్ మోగింది, విజిల్ అందులో కలిసిపోయింది. "బిడ్డా!" అంటూ రామలింగయ్య గండి వదిలి లోపలికి ఉరికాడు. ఆయన్ను తప్పుపట్టలేను, నేనైనా ఉరికేవాణ్ణే. ఇటు మా అమ్మ లేచింది. "నాతోని గాదు, నేను సూడలేను" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గండిలోంచి బయటికి, ఆటో వైపు నడిచింది.

గల్ గల్ గల్.

బంతి సంతోషి కడుపు కింద ఉంది. దానికి చప్పుడు లేదు. మోగుతున్నవి మా అమ్మ చెంపల గజ్జెలే.

సోనీ తల పక్కకు వంచింది. బంతి గుంపులోంచి తప్పించుకుని పోతోందనుకుంది. కర్ర నేలకు ఆనించి గండి వైపు పరుగు తీసింది.

"సోనీ!" అని అరిచాను. నన్ను చూసి అందరూ అరిచారు, ఆగు, ఆగు అని. ఆ గోలలో ఏ గొంతూ విడిగా వినిపించదు. పైగా ఆటలో అంచు అన్న మాట తప్ప ఎవరేం పిలిచినా పట్టించుకోకూడదని మేడం నేర్పింది, ఆ మాట మాత్రం మాలో ఎవరి నోటా రాలేదు. అందరూ తన పరుగు చూసి కేకలు వేస్తున్నారనుకుందేమో, నవ్వుతోంది. నేను పరుగెత్తాను. మైదానం అవతలి కొస నుంచి నా కాళ్లు ఏ మూలకు? గండి దాటేసింది. రోడ్డు అంచున మా అమ్మ నిలబడి, దాటడానికి తల అటూ ఇటూ తిప్పి చూస్తోంది. తిప్పినప్పుడల్లా గల్, గల్. వడ్ల లారీ ఒకటి మలుపు తిరిగింది.

అప్పుడు నా బుర్రకు వెలిగింది. ఆపాల్సింది కూతుర్ని కాదు.

"అమ్మా! కదలకు! గజ్జెలు పట్టుకో!" అని మా తండా మాటలో బొబ్బపెట్టాను.

అమ్మ తిరిగి చూసింది. మనవరాలు మీదికొస్తోంది. ఏం అర్థమైందో ఆమెకే తెలియాలి, రెండు చెంపల గజ్జెలూ రెండు పిడికిళ్లలో బిగించి రాయిలా నిలబడిపోయింది.

చప్పుడు ఆగింది. సోనీ ఇంకో రెండంగలు వేసి, అయోమయంగా నెమ్మదించి, నిలబడింది. కర్ర కొస తారు మీద ఉంది. లారీ సోనీ ముందు నుంచి పోయింది. ఆ గాలికి జుట్టంతా చెదిరి, నెత్తిన పొట్టు రాలింది.

"బంతేది?" అంది చిరాగ్గా.

నేను వచ్చి పిల్లను రెండు చేతులా పట్టి లోపలికి లాగి, గోడ పక్కన కూలబడ్డాను. జరిగింది చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. భయపడాలనే చెప్పాను. భయపడితే ఇంట్లో ఉంటుంది, నాకు కావాల్సింది అదే.

"ఇగ ఖతం. ఆటో ఎక్కు," అన్నాను.

మేడం వచ్చింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. "పొరపాటు నాదేనండి. తీసుకెళ్లండి, నేనేమీ అనను," అంది. రామలింగయ్య తల వంచుకుని నిలబడ్డాడు. సంతోషికి పెద్ద దెబ్బేం తగల్లేదు, లేచి కూర్చుంది. అడ్డం చెప్పేవాళ్లే లేరు. ఇన్నాళ్లకు నా మాట నెగ్గింది.

సోనీ తన నెత్తిన రాలిన పొట్టును వేళ్లతో తడిమి చూసుకుంది.

"లారీ ఎంత దూరంల ఉండె బాపూ?"

"చెయ్యి సాపితె తాకుతుండె."

అది గాలిలోకి చెయ్యి చాపింది. చప్పున వెనక్కి తీసుకుంది. ఇంత భయం నా పిల్ల మొహంలో నేనెప్పుడూ చూడలేదు. అన్నేళ్లూ దాని భయం కూడా నేనే పడ్డాను మరి.

"నాకు మస్తు భయమైతంది," అంది.

"గందుకే అంటున్న, పోదాం పా."

"నీకు హైవే మీద భయం కాదా?"

"ఎందుకు కాదు? ఐతది."

"మరి పొద్దున లేస్తె గాడికే పోతవ్ గద."

అమ్మ ఏడుస్తూ చెంపల గజ్జెలు ఊడదీయడానికి చేతులు ఎత్తింది. ఆ చిన్న చప్పుడు సోనీ పట్టేసింది.

"దాదీ, తియ్యకు! తాత ఉన్నడు గద. గట్టిగ పట్టుకొని కూసో, గంతే." నా వైపు తిరిగింది. "గండి కాడ నువ్వు నిలబడు బాపూ. అంచు నువ్వు అను. వేరేటోళ్లు వద్దు."

"నాకు గొంతు రాదు బిడ్డా."

"ఇప్పుడు దాదిని పిలిచినప్పుడు అచ్చింది గద," అంది.

ఆట మళ్లీ మొదలైంది. అమ్మ పంటినొప్పి వచ్చినదానిలా రెండు చెంపలూ పిడికిళ్లతో పట్టుకుని కూర్చుంది. నేను గండిలో నిలబడ్డాను. నా వెనక లారీలు పోతుంటే చొక్కా వీపుకు కొట్టుకుంటోంది. దేవుడా, బంతి ఇటు రాకూడదు, ఇటు రాకూడదు అనుకుంటూనే ఉన్నాను.

వచ్చింది. గలగలమంటూ నేరుగా నా కాళ్ల వైపు దొర్లుతోంది. దాని వెనక సోనీ. ఈసారి నవ్వడం లేదు. పెదవి కరుచుకుని, మొహమంతా భయంతో, అయినా పరుగు తగ్గించకుండా వస్తోంది.

"అంచు," అన్నాను. పెదవులు కదిలాయి, మాట బయటికి రాలేదు.

"అంచు." ఈసారి పిల్లి కూతలా వచ్చింది.

"గట్టిగ బాపూ!" అని అరిచింది ఆగకుండానే.

"అంచూ!"

నాకే తెలియని గొంతు. మైదానం దద్దరిల్లింది. సోనీ నా పాదాల ముందు కర్ర అడ్డం పెట్టింది. బంతి నా బొటనవేలికి తగిలి ఒక్కసారి గల్లుమని ఆగింది. పిల్ల దాన్ని వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయింది.

అంచు, అంచు, అంచు అంటూనే ఉన్నాను, దగ్గరికి ఎవరూ రాకపోయినా. మైదానం అవతలి కొస నుంచి సోనీ కసిరింది:

"ఊకె అనకు బాపూ, బంతి ఇనవడతలేదు!"

నోరు మూసుకున్నాను. అంతకంటే కష్టమైన పని నేను ఈ జన్మలో చేయలేదు. రెండు చేతులూ చాపి, గండికి అడ్డంగా, నా పిల్ల మళ్లీ ఇటు వచ్చేదాకా నిలబడే ఉన్నాను.