నీళ్ళ నూనె

బస్సు అందదేమోనన్న కంగారులో హెప్సి అన్నదల్లా ఇంతే: "ఆంటీ, ఒకటి నీళ్ళ నూనె, ఇంకోటి నీళ్ళు లేని నూనె. రేపు చర్చిలో మనవాళ్ళకి రుచి చూపించాలి. ఇవి పాడైతే నా ప్రాజెక్టు పోయినట్టే. జాగ్రత్త!"

దేవమణి చేతిలో రెండు సీసాలు మిగిలాయి. ఒకదాని మీద 'నీ', ఇంకోదాని మీద 'నీ లే' అని రాసి ఉంది. హెప్సి గుంటూరు పిల్ల. వాట్‌ఫర్డ్‌లో దేవమణి ఇంటి పైగదిలో ఉంటూ ఫుడ్ సైన్స్‌లో మాస్టర్స్ చేస్తోంది. అవి ఆలివ్ నూనెలని దేవమణికి తెలుసు. పాలలో నీళ్ళు కలపడమూ తెలుసు. చారులోనైతే తనే కలుపుతుంది. నూనెలో కలిపి, కలిపామని సీసా మీద రాసే నిజాయితీని మాత్రం ఈ దేశంలోనే చూస్తోంది.

కుతూహలం ఆగక 'నీ' సీసాలోంచి ఓ చుక్క నాలుక మీద వేసుకుంది. కమ్మగా, వెన్నలా జారిపోయింది. 'నీ లే' వేసుకుంది. ముందు పచ్చిగడ్డి వాసన, వెనకే వేపపుల్ల చేదు, ఆపైన గొంతులో మిరియం పేలినట్టు మంట. దగ్గు ఆగక సింకు పట్టుకుంది.

కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న భర్త బాబురావు దిగొచ్చాడు. "ఏమైందే?"

"కల్తీది కమ్మగా ఉందండీ. అసలుది చేదు."

"అయితే పేర్లు మారిపోయుంటయ్."

"నీళ్ళు కలిస్తే మాత్రం చేదెందుకొస్తుంది?"

బాబురావు ఆలోచించాడు. "ఇక్కడి నీళ్ళు అట్టాంటివి. మన కెటిల్ చూడు, లోపలంతా సున్నమే." అంత చెప్పి మళ్ళీ పడుకోడానికి పోయాడు.

దేవమణికి మొదటి అయోమయం మీద రెండోది వచ్చి కూర్చుంది. ఒకటి మాత్రం ఖాయం: ఈ చేదు నూనె రుచి చూపిస్తే రేపు సంఘమంతా దగ్గుతుంది, పిల్ల నవ్వులపాలవుతుంది. ఊళ్ళో వేరుశనగ నూనె వాసనేస్తే అమ్మ చింతపండు ఉండ వేసి కాచేది. దేవమణి పోపు గరిటెలో 'నీ లే' పోసి, చింతపండు వేసి, స్టవ్ మీద పెట్టింది.

సాయంత్రం హెప్సి వంటింట్లోకి వస్తూనే ముక్కు ఎగబీల్చింది. "ఏం చేశారాంటీ?"

"చేదు విరిచానమ్మా."

హెప్సి అక్కడే నేలమీద చతికిలబడింది. "ఆ చేదు కోసమేగా నా తిప్పలన్నీ! నీళ్ళు నూనెలో కాదాంటీ, చెట్లకి! స్పెయిన్‌లో ఒకే తోట. కొన్ని చెట్లకి బాగా నీళ్ళు పెట్టారు, కొన్నిటికి తగ్గించారు."

"పాపం, ఎండిపోలా?"

"అంతదాకా రానివ్వలా. నీళ్ళు తగ్గితే కాపు తగ్గుద్ది, నూనెలో చేదూ ఘాటూ పెరుగుతయ్. తొందరగా చెడకుండా కాపాడేవి అవే."

"అంటే దగ్గొచ్చేది మంచిది."

"ఆఁ."

"కమ్మగా ఉన్నది చెడ్డది."

"చెడ్డదని కాదు. కాపు ఎక్కువ, నూనె మెత్తన."

"ఏదో ఒకటి చెప్పమ్మా తల్లీ!"

హెప్సి 'నీ లే' సీసా ఎత్తి చూసింది. పోపు గరిటెలో ఎంతని పడుతుంది? సగానికి పైగా మిగిలింది. "స్పూనుతో కాదు, బ్రెడ్ ముక్కకి అద్ది ఇద్దాం. ఎట్టాగో సరిపెడతా," అంటూ కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో దగ్గులు మొదలయ్యాయి. పాస్టర్ దేవదానం గారు రెండో ముక్క నోట్లో పెట్టుకుని, "ఏం పాపం చేశామమ్మా నీకు?" అని నీళ్ళు తెప్పించుకున్నారు. 'నీ లే' చెడిపోయిందని హాలంతా ఒక్కమాట మీద నిలబడింది. ఏ విషయంలోనూ ఆ సంఘం అంత ఐకమత్యంగా ఉండగా దేవమణి చూడలేదు. పిల్ల ప్రాజెక్టు మునిగిందనుకుని దగ్గరికెళ్ళింది.

హెప్సి ఎగిరి వాటేసుకుంది. "భలే, ఆంటీ! అలవాటు లేనోళ్ళు మంచి నూనెని చెడిపోయిందనుకుంటారనేగా నేను చూపించాల్సింది!"

అందరూ తప్పు చెప్పారు కాబట్టి ఈ పిల్ల పాసవుతుంది. దేవమణి దాన్ని ఎటునుంచి చూసినా అర్థం కాలేదు.

"మరి నేను ఏది బాగుందని చెప్పాలి?"

"మీరొద్దులే, మీకు ముందే తెలిసిపోయింది. మీది లెక్కలోకి రాదు."

"రాదుగా?" అని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుని, దేవమణి పెద్ద బ్రెడ్ ముక్క తీసుకుంది. మెత్తని నూనెలో నిండా ముంచుకుంది.