ఎడమచేతికి నోటీసు

సోమవారం నుంచి హైమవతి కుడిచేయి ఒక ఉద్యోగి, ఎడమచేయి ఇంకో ఉద్యోగి.

అది ఏప్రిల్ నెల, కొత్త పన్ను సంవత్సరంలో మొదటి రోజు. ఇంగ్లండ్‌లోని స్లౌ పట్టణంలో రైలుస్టేషన్‌కి రెండు వీధుల అవతల ఉన్న టిఫిన్ హోటల్లో ఆమె నాలుగేళ్ళుగా దోసెలు వేస్తోంది. చెయ్యి తిరిగిన మనిషి. హోటల్ యజమాని శోభనాద్రి గారు కౌంటర్ మీద రెండు నియామక పత్రాలు పరిచి, పక్కన రెండు పేరు బిళ్ళలు పెడతారు. ఒకదాని మీద ‘హైమవతి కుడి’ అని, రెండోదాని మీద ‘హైమవతి ఎడమ’ అని ఉంది.

“ఏమీ అనుకోబాకమ్మా,” అంటారాయన. “పనివాళ్ళ మీద నేను కట్టే పన్ను పెంచారు. పెద్ద జీతానికి కట్టాలి, చిన్న జీతానికి అక్కర్లా. అందుకని నీ జీతాన్ని రెండు చేశా. నిన్ను కాదు, జీతాన్నే.”

“మరి చేతులెందుకండీ?”

“జీతాలు రెండైతే తీసుకోడానికి ఇద్దరుండాలి గదా.”

మాట సబబుగానే ఉందని హైమకి అనిపిస్తుంది. కుడిచేయి తన కాగితం మీద సంతకం పెడుతుంది. ఎడమచేతికి చదువు రాదు. ముప్ఫై నాలుగేళ్ళుగా అన్నీ పక్కనుండి చూసిందే తప్ప ఒక్క అక్షరమూ దిద్దలేదు. అది అర నిమిషం తటపటాయించి వేలిముద్ర వేస్తుంది.

చేతులు మణికట్టు దగ్గర ఊడి వస్తాయి, గాజులు తీసినంత తేలిగ్గా. నొప్పి ఉండదు. నొప్పి లేకపోవడం గురించి హైమ కాసేపు ఆలోచించి, ఆలోచించడానికి అందులో ఏమీ లేదని మానేస్తుంది.

కుడిచేయి పొద్దున్నే డ్యూటీ ఎక్కి సాయంత్రం ఐదుంబావుకి దిగుతుంది. ఎడమచేయి ఐదున్నరకి ఎక్కి ఎనిమిదింటికి దిగుతుంది. మిగతా హైమవతి ఉద్యోగి కాదు గనుక వంటింట్లో అడుగు పెట్టకూడదు. కుడిచేతిని కౌంటర్ మీద దించి ఆమె వీధిలోకి వచ్చేస్తుంది. అద్దంలోంచి చూస్తే ఆ చేయి పెనం మీద నీళ్ళు చిలకరించి, పిండి గుండ్రంగా తిప్పుతూ ఉంటుంది. ఆ చేతి యజమానురాలు పక్కన లేకపోతేనే అది శుభ్రంగా పని చేస్తుందని చెప్పక తప్పదు.

ఇందులో ఒక మేలు కూడా జరిగింది. ఆమె భర్త యుగంధర్ లారీ తోలుతూ వారానికి ఆరు రోజులు స్కాట్లాండ్ దాకా తిరుగుతాడు. మూడేళ్ళ లాస్యని ఇన్నాళ్ళూ పక్కింటి పంజాబీ పెద్దావిడే పెంచింది. ఇప్పుడు పగలంతా ఆ పిల్ల అమ్మ ఎడమచేతి చూపుడువేలు పట్టుకుని నడుస్తుంది. ఆ వేలు దొరకనిదే లాస్య రోడ్డు దాటదు, అన్నం తినదు, నిద్రపోదు. సాయంత్రం ఐదుంబావుకీ ఐదున్నరకీ మధ్య రెండు చేతులూ ఒంటికి వస్తాయి. ఆ పావుగంటలో హోటల్ బయట బల్ల మీద కూర్చుని హైమ కూతురికి జడ వేస్తుంది. ఆ పావుగంట ఆమెకి సంతోషంగా ఉంటుంది.

రెండో వారంలో ఎడమచేతికి తిమ్మిరెక్కుతుంది. అది సెలవు పెడుతుంది.

కొత్త చట్టం ప్రకారం జబ్బు పడిన మొదటి రోజు నుంచే సెలవుకి జీతం ఇవ్వాలట. శోభనాద్రి గారు ఆ సంగతి రాసిన సర్కారు ఉత్తరం చదువుతూ ముఖం తుడుచుకుంటారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఖర్చు తగ్గించుకోవడానికి తన నీడనే పూటపనికి మార్చుకున్నారు. అది మధ్యాహ్నం పన్నెండుకి గానీ రాదు.

“పన్ను సగమైందిలే అనుకుంటే హక్కులు రెండింతలైనై,” అంటారు. “ఇద్దరున్నారు గాబట్టి ఇద్దరికీ సెలవులు, ఇద్దరికీ పండగలు. ఒకళ్ళని తీసెయ్యాలమ్మా.”

“ఎవర్నండీ?”

“ఆఖర్న చేరినోళ్ళని.”

ఇద్దరిలో ఎడమచేయి అర నిమిషం చిన్నది.

నోటీసు ఎడమచేతి పేరు మీదే వస్తుంది. శుక్రవారం సాయంత్రం ఐదు గంటలతో ఉద్యోగం పోతుంది. పని లేని ఉద్యోగి ఎక్కడ పని ఉంటే అక్కడికి వెళ్ళాలి. ఎడమచేతికి స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో చేపలు సర్దే చోట అప్పుడే పని చూసి పెట్టారు. ఉత్తరంతో పాటు రైలు టికెట్ కూడా ఉంది. ఒక్క చేతికే గనుక సగం ధర.

హైమ ఆ కాగితాన్ని మూడుసార్లు చదువుతుంది. ఎడమచేయి పోతే పగటిపూట ఆమెకి చేతులే ఉండవు. లాస్య పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఈ సంగతి ఆమెకి స్పష్టంగా తెలుసు. గుండె మాత్రం చలికాలంలో సింకులో వదిలేసిన గిన్నెలా ఉంది. ఏడుపు రావాలి, రాదు. రాకపోవడమే కొంచెం భయంగా ఉంది.

గురువారం ఆమె లాస్యని తీసుకుని ఉద్యోగుల సలహా కేంద్రానికి వెళుతుంది. అక్కడ వరుసలో ముందుకి ఒక అడుగు వేస్తే గది ఒక అడుగు పొడుగవుతుంది. అందరికీ అలవాటే, ఎవరూ విసుక్కోరు. లాస్య ఏమీ తెలియక వెనక్కి నడుస్తుంది. గది పొట్టిదై, బల్ల వచ్చి వాళ్ళ మోకాళ్ళకి తగులుతుంది. బల్ల వెనక మిసెస్ పెల్హామ్ అనే తెల్లజుట్టు ఆవిడ కూర్చుని ఉంది.

“అభ్యంతరం చెప్పొచ్చు,” అంటుందావిడ. “కాగితం రాసి, ఉద్యోగం పోయేలోపు యజమానికి అందజేయాలి. అందజేయాల్సింది ఆ ఉద్యోగే.”

“అంటే ఎడమచేయేనా?”

“అవును. కుడిచేయి ఇస్తే వేరే ఉద్యోగి తలదూర్చినట్టు అవుతుంది. ఇంకోటి. చేతిలోంచి చేతికి అందాలి. బల్ల మీద పెడితే ఇచ్చినట్టు కాదు.”

“అంతేనా?”

“అంతే. చాలా తేలిక.”

నిజానికి చాలా తేలికే. ఆ మాట చెప్పిన ఆవిడకి తెనాలిలో ఒక అమ్మ ఉండి ఉంటే అలా అనేది కాదు. అయిదేళ్ళప్పుడు హైమ పొరుగావిడకి ఎడంచేత్తో చెంబు ఇచ్చింది. వాళ్ళమ్మ అప్పటికప్పుడు ఆ చేతి మీద చురుక్కుమనేలా ఒకటి వేసి, “ఇచ్చేది కుడిచేత్తో ఇయ్యాల,” అంది. ఆ దెబ్బ ఇప్పటికీ చేతిలోనే ఉంది. లాస్యకి మాటలు వచ్చీరాగానే హైమ నేర్పిన మొదటి మర్యాద కూడా అదే.

శుక్రవారం నాలుగూ యాభైకి హైమ హోటల్ కౌంటర్ ముందు నిలబడుతుంది. అభ్యంతర పత్రం ఎడమచేతిలో ఉంది. లాస్య ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఉంది. శోభనాద్రి గారు పళ్ళెం ముందు పెట్టుకుని ఇడ్లీ సాంబారు తింటున్నారు.

“అభ్యంతరం అండీ,” అంటుంది హైమ.

“ఎడంచేత్తో ఇస్తావేంటమ్మా, బేరం వేళ? కుడిచేత్తో ఇయ్యి.”

“అది డ్యూటీలో ఉందండీ.”

“దిగాకే ఇద్దువులే.”

“దిగేది ఐదుంబావుకండీ. గడువు ఐదింటికే.”

ఆయన నమలడం ఆపి, లాస్య వైపు చూస్తారు. గడియారం వైపు చూస్తారు. ఆయన మనసు మెత్తబడటం బయటికి కనిపిస్తుంది; సాంబారులో ఇడ్లీ నానినట్టు మెల్లగా, అంచుల నుంచి.

“సరే, ఇలా తే,” అని కుడిచేయి చాపబోతారు. అది మోచేతి దాకా సాంబారు. ఆయన నాలిక కరుచుకుని ఎడమచేయి చాపుతారు.

నాలుగూ యాభై ఎనిమిది. ఆయన ఎడమచేయి గాలిలో ఉంది. హైమ ఎడమచేయి దానికి జానెడు దూరంలో ఉంది. పెద్దమనిషి, అన్నం పెట్టే యజమాని, తింటూ ఉన్న మనిషి. ఎడంచేత్తో, ఎడంచేతికి.

మణికట్టు మీద చురుక్కుమంటుంది. ఇన్ని రోజులుగా ఆమె ఒంటికి తెలిసిన నొప్పి అదొక్కటే. హైమ చేయి తనంతట తనే వెనక్కి వస్తుంది.

శోభనాద్రి గారు కూడా ఇబ్బందిగా చేయి దించేస్తారు. అలాంటప్పుడు మనవాళ్ళు ఏమంటారో ఆయనా అదే అంటారు.

“అక్కడ పెట్టమ్మా.”

హైమ కాగితాన్ని బల్ల మీద, సాంబారు అంటనంత దూరంలో, మర్యాదగా పెడుతుంది. పెట్టాక మిసెస్ పెల్హామ్ మాట గుర్తొస్తుంది. మళ్ళీ తీసి ఇద్దామని చూస్తే చేయి లేవడం లేదు. ఐదు కొట్టింది. అది ఇంకెవరి చేయో అయిపోయింది.

లోపల కుడిచేయి దోసె తిరగేస్తోంది. దానికి ఈ సంగతేమీ తెలియదు.

స్టేషన్‌లో ఎడమచేయి కిటికీ పక్క సీటులో కూర్చుంటుంది. టికెట్ చిటికెనవేలికీ ఉంగరపువేలికీ మధ్య పెట్టుకుంది. లాస్య ప్లాట్‌ఫారం మీద నుంచే చూపుడువేలు పట్టుకుని వదలదు. రైలు కదిలేటప్పుడు ఆ వేలే మెల్లగా జారిపోతుంది. ‘నా బంగారు చేయి’ అని హైమ పైకే అంటుంది. పక్కనున్నవాళ్ళు తలూపుతారు.

శనివారం లాస్య నిద్ర లేచి, అమ్మ పొడుగు జాకెట్టు చేతి ఖాళీ అంచుని తడిమి చూస్తుంది. ఏడవదు. మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, తన ఎడమచేతిని మణికట్టు దగ్గర ఊడదీస్తుంది. పిల్లలు చూసి నేర్చుకోవడం ఎంతసేపు!

“ఇంద అమ్మా. నాకు ఇంకోటి ఉందిగా,” అంటుంది. కుడిచేత్తోనే ఇస్తుంది.

వద్దనాలని హైమకి తెలుసు. వద్దనాలి, అరవాలి, ఆ చేతిని ఆ పిల్లకే తిరిగి అతికించాలి. కానీ కుడిచేత్తో మర్యాదగా ఇచ్చినదాన్ని కాదనడం ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఆమె తీసుకుంటుంది. ఆ చేయి అరచేతి గుంటలో పట్టేంత ఉంది.

సోమవారం హైమ కుడిచేతితో పాటు ఆ చేతినీ కౌంటర్ మీద దించుతుంది, ఎడమచేతి జీతం పోయింది మరి.

“ఇంత చిన్నదానికి పన్నే పడదమ్మా,” అంటారు శోభనాద్రి గారు, నేల చూస్తూ. “పిల్లలు పని చెయ్యగూడదని చట్టంలో ఉంది గానీ, పిల్లల చేతుల గురించి ఎక్కడా రాయలా.”

పెనం అందదని దానికో పీట వేస్తారు. హైమ, లాస్య బయట అద్దం దగ్గర నిలబడతారు. హైమకి ఇప్పుడు చేతులు లేవు. లాస్యకి ఒకటి ఉంది, కానీ పట్టుకోవడానికి ఏమీ లేదు.

చిన్న చేయి చెప్పినట్టు చట్నీ పొయ్యదు. గరిటె లాక్కుని, పెనం మీద పిండితో బొమ్మ వేస్తుంది. పెద్ద అరచేయి, ఐదు వేళ్ళు, వాటిలో చూపుడువేలు మిగతావాటికంటే పొడుగు. కుడిచేయి ఒక్క క్షణం ఆగుతుంది. తోడబుట్టినదాన్ని గుర్తుపడుతుంది. అంచుల వెంట నూనె వేసి, ఎర్రగా కాలనిచ్చి, ఒక్క వేలూ విరగకుండా తిరగేసి, పార్సిల్ కిటికీలోంచి బయటికి ఇస్తుంది.

లాస్య దాన్ని అందుకుని అమ్మ ఎడమ జాకెట్టు చేతి అంచున, మణికట్టుకి అమరుస్తుంది. అది అతుక్కుంటుంది. వేడిగా ఉంది. వేడి హైమకి తెలుస్తుంది, మోచేతి దాకా, భుజం దాకా. ఆమెకి ఇప్పుడు ఏడుపు వస్తుంది.

ఇద్దరూ రోడ్డు దాటుతారు. లాస్య చూపుడువేలు పట్టుకుంది. అది కరకరలాడుతోంది. పొద్దుట్నుంచీ పిల్ల ఏమీ తినలేదు.

“దాటేదాకా కొరకొద్దమ్మా,” అంటుంది హైమ.

“ఊఁ,” అంటుంది లాస్య, నోటినిండా.