ఉతికిన గొంగడి

సంచి అడుగున జొన్నరొట్టెలు, వాటి మీద ఉల్లికారం డబ్బా, ఒక జత బట్టలు, ఫోను ఛార్జరు. బుచ్చమ్మ అన్నీ సర్ది, మళ్ళీ తీసి, మళ్ళీ సర్దింది. ఇంట్లోంచి మనిషి బయలుదేరుతున్నాడంటే ఆమెకు చేతులు నిలవవు. "పోయొస్త" అని వెళ్ళినవాళ్ళలో రానివాళ్ళే ఆమెకు గుర్తుంటారు.

"నారాయణఖేడ్ గదనే. దుబాయి పోతున్నట్టు జేస్తవేంది?" అన్నాడు ఆమె మొగుడు నర్సింహ.

"జల్ది రావాలె."

"పిల్లలు ఎప్పుడొస్తే నేనప్పుడొస్త."

పిల్లలంటే గొర్రెపిల్లలు. అచ్చమైన దక్కనీ నల్లజాతివి, ఒక పోతు, ఒక పెంటి. తమ కొత్తగూడ చుట్టూ బీడు ఉన్న రోజుల్లో నర్సింహకు అటువంటి మందే ఉండేది. మాంసం బాగా వస్తుందని అందరూ నెల్లూరు పొట్టేళ్ళను కలిపితే అతనూ కలిపాడు. రెండు ఈతల్లో ఉన్ని పోయి వెంట్రుక మిగిలింది. తర్వాత బీడు పోయింది, మంద పోయింది. ఇప్పుడు ఉన్నది అపార్ట్‌మెంట్ల నడుమ ఈ ఇల్లు, కిరాయికిచ్చిన పైవాటా, పెరట్లో ఖాళీ కొట్టం. నారాయణఖేడ్‌లో ఉండే బుచ్చమ్మ తమ్ముడు బీరయ్య దగ్గర అసలు జాతి ఇంకా ఉందని విన్నప్పటి నుంచి నర్సింహ ఆ కొట్టం వైపు తిరిగే అన్నం తింటున్నాడు.

సంచి మీద మడిచిన గొంగడి పెట్టింది బుచ్చమ్మ. ముందురోజు దాన్ని ఎండలో వేస్తుంటే పైవాటా పుణ్యవతి చూసింది. "బంధువులింటికి ఆ వాసనతో పంపిస్తారా అండీ? ఇటివ్వండి, మిషన్లో వేసేస్తాను" అని తీసుకెళ్ళింది. గొంగడి మల్లెపూల వాసనతో తిరిగొచ్చింది. కాపరి గొంగడికి సబ్బు తగలనివ్వకూడదని బుచ్చమ్మకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ ఆయన తన పుట్టింటివాళ్ళ ముందు శుభ్రంగా కనబడాలన్న ఆశ ఆ తెలివిని కప్పేసింది.

అక్కడికి చేరాక నర్సింహ ఫోన్ చేశాడు.

"గొంగడి ఉతికినవానే?"

బుచ్చమ్మ నాలుక కరుచుకుంది.

"తల్లిని ఇడిచిన పిల్లలకు గొంగడి కప్పి పక్కన పండుకుంటే మన వాసన పట్టి ఎనక నడుస్తయి. ఇవి నా దగ్గరికొచ్చి తుమ్మి పోతున్నయి. బావ పెండ్లికొడుకు లెక్క గుమగుమలాడుతుండని నీ తమ్ముడు ఒకటే నవ్వుడు."

బుచ్చమ్మ కూడా నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి అడిగింది, "మరి ఎట్ల?"

"ఇగ మందలనే పండుకుంట. గొంగడికి మళ్ల వాసన పట్టేదాక."

"అట్లనే తోలుకొని వొచ్చెయ్యరాదా?"

"అట్ల తోలుకొస్తే ఆకు ముట్టక సస్తయే."

మంద మంజీర ఒడ్డుకు మేతకు కదిలితే నర్సింహ కూడా కదిలాడు. అతని గొంతు రోజురోజుకు పడుచుదవుతున్నట్టు వినిపించేది. గొర్రెల అరుపులు వినమని ఫోను గాలిలో పట్టుకునేవాడు. ఆమె వాటి మధ్య అతని దగ్గు కోసం వెతుక్కునేది. కొట్టం ఊడ్చి, సుబాబుల్ కొమ్మలు వేలాడగట్టి, అవి వాడితే కొత్తవి కట్టేది. గేటు ముందు ఏ ఆటో ఆగినా లేచేది.

"నా వల్లే కదండీ ఇదంతా" అంది పుణ్యవతి.

"ఇచ్చింది నేను గదమ్మా."

చివరిసారి అతను చెప్పింది ఇది: "పెంటిపిల్ల నా సంకల పండుకుంటది. పోతుది జర మొండిది, అదీ దారికొస్తది. ఆదివారం బండెక్కుత. ఫికర్ జేయకు."

ఆదివారం కంటే ముందే ఫోన్ వచ్చింది. మాట్లాడింది బీరయ్య.

బుచ్చమ్మ అక్కడికి వెళ్ళింది. జరగవలసినవి జరిగాక, తమ్ముడి ట్రాలీలో పిల్లలనూ గొంగడినీ తీసుకుని ఇల్లు చేరింది. పిల్లలు కొట్టం మూలకు చేరి కొమ్మల వైపు చూడలేదు. ఆమె గొంగడి కప్పుకుని నేల మీద కూర్చుంది. మల్లెపూలు ఎక్కడా లేవు. ఉన్ని, చుట్టపొగ, చెమట. కాసేపటికి పెంటిపిల్ల వచ్చి ఆమె చంకలో తల దూర్చింది. పోతుపిల్ల దూరంగా నిలబడి, నిలబడి, చివరకు వచ్చింది. బుచ్చమ్మ ఒక కొమ్మ అందించింది. అవి తిన్నాయి.

పుణ్యవతి మెట్ల మీదే నిలబడి ఉంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు.

నర్సింహ కొత్తగూడకు తిరిగి రాలేదు. బోనాలు అయిపోయాక వచ్చిన శనివారం పొద్దున, మంజీర ఒడ్డున, మందలోనే పోయాడు.