అర లీటరు ఆయిలు

ట్యాంకులో మళ్లీ అర లీటరు తగ్గింది.

లూకా కొలపుల్లను గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి చూశాడు. తేడా లేదు. కారు కిందికి దూరి పైపులన్నీ తడిమాడు. ఎక్కడా చుక్క లేదు. షెడ్డులో ఇంజను అరగంట నడిపినా కారదు. అడవి రోడ్డు మీద ఇరవై మైళ్లు తిరిగొస్తే మాత్రం అర లీటరు మాయం. ఇది మూడోసారి.

ఆ ఫియట్ నిర్మలాదేవిది. తల్లాడ దగ్గర మిరప తోటలున్న కుటుంబం. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చారు. ఆమె పదిహేనేళ్లకే ట్రాక్టరు నడిపిన మనిషి. కిందటేడు కార్ల ర్యాలీకి వెళ్లి, ఘాట్ రోడ్డు మలుపుల్లో ఇంజను పట్టేసి, కారును లారీ మీద వెనక్కి తెచ్చుకుంది. ఈ ఏడు, అంటే 1987లో, మళ్లీ పేరిచ్చింది.

లూకా బొగ్గు గనిలో పన్నెండేళ్లు పంపు ఫిట్టరుగా చేసి, మానేసి, మణుగూరు శివార్లలో షెడ్డు పెట్టుకున్నాడు. పాడైన ఇంజను విప్పగానే సంగతి పట్టేశాడు.

"అమ్మా, ఆయిలు ఇంజను కింద తొట్టిల ఉంటది గదా. మీరు జోరుగ మలుపు తిప్పితే అదంత ఒక పక్కకు పోతది. పంపు గాలి గుంజుతది. గంతే, బేరింగులు మాడిపోతయి."

"మరి రేసు కార్లకి ఎలా?"

"వాటికి డ్రై సంపు ఉంటది. తొట్టిల ఆయిలు నిలవనియ్యరు. ఒక పంపు ఎప్పటికప్పుడు తోడి వేరే ట్యాంకుల పోస్తది. ఇంకో పంపు ట్యాంకుల నుంచి ఇంజనుకు ఇస్తది. కారు ఎటు ఒరిగినా ఆయిలు తప్పదు."

"నువ్వు చేయగలవా?"

చేశాడు. మూడు నెలలు పట్టింది. తొట్టిని కోసి పళ్లెంలా చేశాడు. రెండు పంపులనూ ఒకే బెల్టుతో తిప్పాడు. ట్యాంకు డిక్కీలో బిగించాడు. ఇంజను నుంచి డిక్కీ దాకా, కారు పొడవునా, వేడి ఆయిలు పారే రెండు రబ్బరు పైపులు వేశాడు. అవి మాత్రం కొత్తవి కావు. గనిలో తుక్కు కింద పడేసిన యంత్రానివి. కొత్తవి మద్రాసు నుంచి రావాలంటే నెల పడుతుంది. ఇవి గట్టిగానే ఉన్నాయనుకున్నాడు. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

ర్యాలీ నాలుగు రోజులుందనగా, మార్చి నెలాఖరున, పొద్దున్నే నిర్మలాదేవి వచ్చింది.

"ఇయ్యాల ఒద్దమ్మా. ఆయిలు ఏడనో పోతుంది. రెండు రోజులు ఆగుండ్రి, మొత్తం విప్పి చూస్త."

"ఆయిలు ప్రెషరు మీటరు సరిగ్గానే చూపిస్తోందిగా?"

"ట్యాంకు ఒట్టిపోయేదాక చూపిస్తనే ఉంటది."

"అర లీటరే కదా లూకా, పోసుకుందాం. ఇవాళ పూర్తి స్పీడులో చూడకపోతే ఇంకెప్పుడు చూస్తాం?"

పైపుల మాట లూకా నోటిదాకా వచ్చింది. మింగేశాడు. అర లీటరు పోసి ఆమె పక్కన కూర్చున్నాడు.

అడవంతా ఆకు రాల్చింది. రోడ్డుకు రెండు వైపులా టేకాకులు ఎండి గలగలమంటున్నాయి. ఇప్పపూలు రాలే రోజులు. పూలు కనబడాలని కోయగూడెం వాళ్లు చెట్ల కింద ఆకులు ఊడ్చి కాలుస్తారు. అక్కడక్కడా సన్నగా పొగ లేస్తోంది.

మలుపు తర్వాత మలుపు. కారు రోడ్డును పట్టుకుని పోతోంది. మీటరు ముల్లు కదల్లేదు. "చూశావా!" అని నిర్మలాదేవి నవ్వింది.

లూకా మీటరు చూడటం లేదు. ఆకుల పొగలో ఇంకేదో వాసన. మాడిన ఆయిలు.

"ఆపుండ్రి."

"ఏమైంది?"

"ఆపుండ్రమ్మా, జల్దీ!"

ఆపేసరికే వెనక నుంచి నల్లటి పొగ. ఇద్దరూ దూకేశారు. కిందికి వంగి చూడగానే లూకాకు అంతా అర్థమైంది. జోరుగా ఒరిగినప్పుడల్లా పాత పైపు సాగి సైలెన్సరు గొట్టానికి తగులుతోంది. ఇన్నాళ్లూ కారిందంతా ఆ వేడికి అక్కడికక్కడే మాడిపోయింది. అందుకే కింద చుక్క కనబడలేదు. ఇప్పుడు పైపే పగిలింది.

మండుతున్న ఆయిలు రోడ్డు వాలులో ఆకుల్లోకి పాకింది. లూకా దోసిళ్లతో మట్టి పోశాడు. నిర్మలాదేవి సీటు కవరు పీకి మంటను బాదింది. అరచేతులు బొబ్బలెక్కినా ఆగలేదు. గాలి గూడెం వైపు తిరిగింది.

గూడెం వాళ్లు పచ్చి కొమ్మలతో కొట్టి కొట్టి మధ్యాహ్నానికి మంట ఆపారు. అప్పటికి నాలుగు ఇళ్లు, ఆరబెట్టిన ఇప్పపూలు బూడిదయ్యాయి. గూడెం పెద్ద పగిడయ్య, తన ఇల్లు కాలుతుంటే వదిలేసి, పక్కింటి ముసలమ్మను మోసుకొచ్చాడు.

సాయంత్రం నిర్మలాదేవి అన్న వెంకటరామారావు లారీతో వచ్చి కారును ఎక్కించుకుపోయాడు. వెళ్తూ లూకాతో అన్నాడు: "ఎవరడిగినా కారు మాట ఎత్తకు. అడవిలో మంటలు ఏటా ఉండేవేగా."

మర్నాడు కబురొచ్చింది. ఆకులు కాల్చి అడవి తగలబెట్టాడని పగిడయ్యను ఫారెస్టు వాళ్లు పట్టుకుపోయారట.

లూకా బస్సెక్కి తల్లాడ వెళ్లాడు. నిర్మలాదేవి చేతులకు కట్లతో అరుగు మీద కూర్చుని ఉంది. పాత పైపుల సంగతి చెప్పేశాడు. ఆమె తన కట్ల వైపు చూసుకుంది.

"అప్పుడే చెప్పాల్సింది."

"అవ్."

"చెప్పినా నేను ఆగేదాన్నో కాదో," అంది చివరికి. లోపల అన్న కేకలేస్తున్నా లేచి చెప్పులేసుకుంది. "పద."

ఫారెస్టు రేంజి ఆఫీసులో లూకా తన తప్పు తాను రాసిచ్చాడు. కట్ల చేతులతో కలం పట్టుకోలేని నిర్మలాదేవి చెబుతుంటే ఆమెది కూడా అతనే రాశాడు: మెకానిక్ ఆగమన్నాడు, నేను ఆగలేదు. ఇద్దరి మీదా కేసు పెట్టారు. పగిడయ్యను వదిలారు.

బయట మెట్ల దగ్గర పగిడయ్య లూకాను ఆపాడు. కనుబొమ్మలు కాలి ఉన్నాయి.

"కారు పాడున్నదని నీకు ముందుగాల తెల్వదా?"

లూకా తల దించుకున్నాడు. "అనుమానం ఉండె."

పగిడయ్య గూడేనికి వెళ్లే దారి పట్టాడు. నిర్మలాదేవి నాలుగడుగులు వెంట వెళ్లింది, ఏదో చెప్పబోయింది. అతను వెనక్కి తిరగలేదు.