బండల నీడలో శెట్టిగారి కునుకు

లోకంలో సుచరిత మొగుడంతటి జాగ్రత్తపరుడు ఇంకొకడుంటే చూపించండి, ఆమే వచ్చి దణ్ణం పెట్టుకుంటుంది. నాగసుబ్బయ్య శెట్టి ఫ్యాను కింద పడుకోడు. ఊడిపడితే ఎట్లా అని మంచం గోడవారకు లాక్కొని, చెమటలు కక్కుతూ నిద్రపోతాడు. పెండ్లిలో తాంబూలం అందుకుంటూ కూడా "గ్యాసు కట్టేసినావా?" అని అడుగుతాడు. సీతాఫలం గింజ గొంతులో ఇరుక్కుంటుందని భయం కాబట్టి గింజలు ఆమె తీసిస్తేనే తింటాడు. అవి తీసీ తీసీ సుచరిత బీయస్సీ డిగ్రీ సార్థకమైపోయింది.

ఈ జాగ్రత్తంతా ఇంటి గడప దాకానే. ఎర్రగుంట్ల రోడ్డులో ఆయనకు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. కోసిన నల్లబండలను అక్కడ పడమటి ప్రహరీకి దాదాపు నిటారుగా నిలబెట్టిస్తాడు. ఏటవాలుగా పెడితే జాగా తినేస్తాయట. ఒక్కో బండ ఎత్తాలంటే ఇద్దరు మగవాళ్ళు కావాలి. మధ్యాహ్నం ఆవరణ మొత్తానికీ నీడ పడేది ఆ బండల ముందరే. అందుకే పనివాళ్ళు సద్ది విప్పేదీ అక్కడే.

పోయిన వారం వాళ్ళలో హుసేనమ్మ అనే ఆమె తినేసి చెయ్యి కడుక్కోవడానికి లేచింది. వెనకనే ఒక బండ జారి, ఆమె కూర్చున్న చోటే పడింది. స్టీలు గిన్నె అప్పడమంత పల్చనైంది.

"నువ్వు ఆనుకోకపోతే అదెట్ల పడ్తాది?" అన్నాడు శెట్టి.

"కొళాయి కాడుండి ఎట్ల ఆనుకుంటా సామీ?"

ఆయన దిష్టి పోవాలని గేటుకు బూడిద గుమ్మడికాయ కట్టించాడు. బండల పక్కన ఒక బోర్డు కూడా పెట్టించాడు: "జాగ్రత్త. బండలు పడును. యాజమాన్యానికి బాధ్యత లేదు."

"బోర్డు చదువుకోని బండ ఆగుతాదా?" అని ఇంట్లో అడిగింది సుచరిత. "ఈసారి గిన్నె కాదు, మనిషే పోతాది. ఇనుప స్టాండ్లు చేయించండి. ఆ యమ్మలు కూచోని తినేదానికి ఒక రేకుల కొట్టం వేయించండి."

"అవి కదలవు. ఆ యమ్మే ఆనుకున్యాది. ఇంటి సంగతి నువ్వు చూసుకో, చాలు."

సరేనని సుచరిత ఇంటి సంగతే చూసుకుంది. మొగుడి భోజనం, మొగుడి నిద్ర ఇంటి సంగతులే కదా.

మరునాడు క్యారియర్ తనే తీసుకొని ఫ్యాక్టరీకి బయల్దేరింది. బయల్దేరేముందు బండలు దించే అష్రఫ్‌కు ఫోన్ చేసి, తాను చెప్పిన చోట బండలు జారకుండా అడుగున చెక్కలు దిగగొట్టించింది. మొగుడికి బుద్ధి రావాలిగానీ, మొగుడే పోతే ఆ బుద్ధిని ఏం చేసుకుంటుంది?

రోజూ తిన్నాక ఆయన కునుకు తీసే ఆఫీసు గదిలోనే అన్నం, ఉల్లిగడ్డ కారం కొసరి కొసరి వడ్డించింది. శెట్టి చెయ్యి కడుక్కోవడానికి బయటికి వెళ్ళగానే గదికి తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుంది. ఆయన తిరిగి వచ్చేసరికి వాచ్‌మన్ నులకమంచం బండల ముందరికి చేరింది. దాని మీద దుప్పటి, ఇంటి నుంచి తెచ్చిన దిండు.

"గదికి తాళమేంది? చెవి యాడ?"

"యాడో పెట్టినా, గుర్తొస్తాది లెండి. అంతవరకూ ఈడ నడుం వాల్చండి. సల్లగా ఉండాది."

శెట్టి బండల వైపు చూశాడు. అప్పుడే సద్ది విప్పుకుంటున్న హుసేనమ్మనూ, పక్కవాళ్ళనూ చూశాడు. వాళ్ళందరూ ఆయననే చూస్తున్నారు. వారం రోజులుగా "కదలవు, కదలవు" అని చెప్పిన నోరు ఇప్పుడేమంటుంది? మెల్లగా మంచమెక్కాడు.

"కండ్లు మూసుకో సామీ, నిద్ర దానంతటదే వస్తాది," అంది హుసేనమ్మ.

ఆయన కుడికన్ను మూశాడు. ఎడమకన్ను బండల మీదే కాపలా ఉంది. ఉల్లిగడ్డ కారం పుణ్యమా అని అదీ మూతపడే వేళకు రోడ్డు మీద సిమెంటు లారీ పోయింది. నేల అదిరింది. ఒక బండ పక్కదానికి తగిలి టింగుమంది.

అంతే. శెట్టి ఆవరణ నడుమ ఉన్నాడు. చెప్పులు మంచం కిందే ఉన్నాయి. ఎండకు కాలిన నేల మీద ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతున్నాడు.

"ఏమైంది సామీ?" అన్నాడు అష్రఫ్.

"ఏం ల్యా. ఫోన్ వస్తే లేచినా."

"ఫోను ఈడే దిండు మీద ఉండాది."

హుసేనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శెట్టి మొహం ఎర్రబడింది.

"అష్రఫ్, రేపే వెల్డింగ్ అతన్ని పిలువు. ఏటవాలు స్టాండ్లు చేయిద్దాం. రేకుల కొట్టం గూడా వేయిద్దాం. అంతవరకూ అందరూ ఆఫీసు గదిలో కూచోని తినండి. లేయండి, లేయండి."

ఆడవాళ్ళు గిన్నెలు ఎత్తుకొని లేచారు. సుచరిత మాత్రం ఆయన వదిలేసిన మంచం మీద తీరిగ్గా కూర్చుంది.

"అంత ఖర్చెందుకండీ? బండలు కదలవు గదా. హుసేనమ్మ ఆనుకుంటేనే గదా పడింది."

శెట్టి నేల చూశాడు, గేటు చూశాడు, చివరికి గిన్నె పట్టుకొని నిలబడిన హుసేనమ్మ దగ్గరికి వచ్చాడు. గొంతులో ఏదో గొణిగాడు.

"మిషన్ల మోతలో ఇనపడల్యా సామీ," అంది ఆమె.

భోజనాల వేళకు మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. పక్క ఫ్యాక్టరీలో ఎవరో దగ్గితే ఇక్కడికి వినపడేంత నిశ్శబ్దం.

"నువ్వు ఆనుకోలేదు హుసేనమ్మా!" అన్నాడు శెట్టి, ఈసారి గేటు దాకా వినపడేట్టు. "అట్ల నిలబెట్టించింది నేను. నిందేమో నీమీద ఏసినా. తప్పు నాది!"