అత్త వేసిన జడ

జైల్లో ములాఖత్‌కి వెళ్లే రోజైనా అంట్లు నేనే తోమాలి. ఆ బుధవారం ఆఖరి గిన్నె బోర్లిస్తుంటే, మా అత్త గుమ్మంలో దువ్వెన పట్టుకుని కూర్చుని పిలిచింది.

"ఇలా రావే దుర్గా, జడేస్తాను. సవరం పెడితే నిండుగా ఉంటది."

పెళ్లై ఎనిమిదేళ్లు. రొయ్యలు వొలిచి షెడ్డు నుంచి వస్తే "ఆ కంపుతో నా మంచం దగ్గరికి రాకు" అన్న మనిషి. జ్వరమొస్తే "మరి వంటెవరు చేస్తారే?" అన్న మనిషి. ఆవిడ వేళ్లు నా తలలో చిక్కులు తీస్తుంటే ఏడుపు రావాలి. రాలేదు. గంజాయి కేసులో మా ఆయన గంగాధర్‌ని పట్టుకుపోయినప్పటి నుంచి నా మనసుకి ఏదీ తగలడం లేదు. అయినా హాయిగా ఉంది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. పోయిన వారం ములాఖత్ గది ఇనప జాలీ అవతల నుంచి ఆయన "అమ్మ ఇచ్చే పొట్లం లోపలికి తెచ్చెయ్, ఆడోళ్లని అంతగా చూడర్లే" అన్నాడు. తేనన్నాను. "మొగుడికి ఆమాత్రం చెయ్యలేవా?" అన్నాడు. ఇంటికొచ్చి అత్తకీ అదే చెప్పాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇవాళ తల దువ్వుతోంది కదా, కోపం పోయిందనుకున్నాను.

కాకినాడ నుంచి రాజమండ్రి దాకా బస్సులో తల వెనక ఏదో ఒత్తుకుంటూనే ఉంది. రబ్బరు బ్యాండనుకున్నాను.

సోదా గది ముందు వరసలో, నా ముందున్నావిడ జడని వార్డరు హెలెన్ గారు కుచ్చు దాకా నొక్కి చూస్తున్నారు. నా చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్లింది. సవరం కట్టిన చోట, బొటనవేలంత ప్లాస్టిక్ పొట్లం.

పట్టుబడితే నేనూ లోపలికే. మా ఆరేళ్ల పాప అత్త చేతుల్లో పెరుగుతుంది. రేపు దాని జడా ఆవిడే వేస్తుంది. వరసలోంచి తప్పుకుని ఎక్కడైనా పారేయొచ్చు, ఇంటికెళ్లి అంట్లు తోముకోవచ్చు. వచ్చే బుధవారం మళ్లీ పిలుస్తుంది. భయం వెయ్యలేదు. చిక్కులు తీసింది దీనికోసమా అనిపించింది. అది మాత్రం తగిలింది.

"ఏమైనా ఉంటే ముందే చెప్పెయ్యమ్మా," అన్నారు హెలెన్ గారు.

"ఉందండి. జడలో. నేను పెట్టలేదండి, విప్పి చూడండి."

"మరెవరు పెట్టారు?"

ఎనిమిదేళ్లలో ఆ ఇంటి మాట ఒక్కటీ గడప దాటనివ్వలేదు నేను.

"మా అత్తండి. మా ఆయన తెమ్మన్నాడు. ఇద్దరి పేర్లూ రాసుకోండి."

హెలెన్ గారు జడ విప్పి, పొట్లం బల్ల మీద పెట్టి, సవరం పక్కన పడేసి, నా వంక చూశారు. జుట్టు నేనే ముడేసుకున్నాను.

"నిన్నూ స్టేషన్‌కి పిలుస్తారమ్మా. ఇది రాశాక ఆ ఇంట్లోకి రానిస్తారా నిన్ను?"

"రానివ్వరండి. పాపకి బడి నాలుగింటికి వదులుతారు. మా అత్తకన్నా ముందు నేను అక్కడికి వెళ్లాలి, తొందరగా రాసెయ్యండి."